తనిఖీ కాగితం ఎవరి చేతికి?

పని, ఒళ్ళు, చట్టం - చరిత్ర ధారావాహిక: 6వ భాగం

గత భాగంలో: అగ్గిపుల్లల కార్ఖానాల్లో తెల్ల భాస్వరం పనివాళ్ళ దవడ ఎముకల్ని ఎలా పుచ్చిపోయేలా చేసిందో చెప్పుకున్నాం. 1906లో బెర్న్ నగరంలో కొన్ని దేశాలు కూర్చుని దాన్ని నిషేధిస్తూ ఒప్పందం రాసుకున్నాయి. 1912లో అమెరికా ఆ అగ్గిపుల్లల మీద మోయలేనంత పన్ను వేసింది. దవడ పుచ్చే రోగం ఇక మళ్ళీ కనబడదని వైద్యులు నమ్మారు. పదేళ్ళు తిరిగేసరికి న్యూజెర్సీ రాష్ట్రంలో పళ్ళ డాక్టర్ల దగ్గరికి అవే లక్షణాలతో పడుచుపిల్లలు రావడం మొదలైంది.

వెలిగే రంగు

క్యూరీ దంపతులు రేడియాన్ని కనుగొన్నది 1898లో. దానిలో ఆవగింజంతైనా లేని పరిమాణాన్ని జింక్ సల్ఫైడ్ పొడిలో కలిపితే ఆ పొడి రాత్రింబవళ్ళు దానంతటదే వెలుగుతుంది. రేడియం నుంచి వెలువడే కణాలు జింక్ సల్ఫైడ్ స్ఫటికాల్ని ఢీకొన్నప్పుడల్లా మెరుపు పుడుతుంది. సాబిన్ వాన్ సొచాకీ అనే వైద్యుడు ఈ కిటుకుతో రంగు తయారు చేసి, మరొకరితో కలిసి కంపెనీ పెట్టాడు. అదే తర్వాత యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్ అయింది. రంగు పేరు 'అన్‌డార్క్'. 1917లో న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో కార్ఖానా నడవడం మొదలైంది. అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం సాగుతోంది. కందకంలో ఉన్న సైనికుడికి చీకట్లో కనబడే గడియారం కావాలి, విమానం నడిపేవాడికి చీకట్లో కనబడే మీటర్లు కావాలి. ఆర్డర్లు వెల్లువెత్తాయి.

గడియారం ముఖం మీద అంకెలు దిద్దే పనికి ఆడపిల్లల్ని పెట్టుకున్నారు. పదిహేనేళ్ళు నిండనివాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. చేయి తిరిగిన పిల్ల రోజుకు 250 డయళ్ళ దాకా దిద్దేది. కూలి డయల్‌కు సుమారు ఒకటిన్నర సెంట్లు. ఎన్ని దిద్దితే అంత డబ్బు కాబట్టి వేగమే బతుకు. ఒంటె వెంట్రుకల కుంచె నాలుగు గీతలకే విచ్చుకుపోతుంది, సన్నటి అంకె రావాలంటే కొన మళ్ళీ సూదిలా అవ్వాలి. పెదవుల మధ్య పెట్టి తిప్పితే అవుతుంది. పెదవికి ఆనించు, రంగులో ముంచు, అంకె దిద్దు అని పనిలో చేరిన రోజే నేర్పారు. నీళ్ళలో కడిగితే ఖరీదైన రంగు నీళ్ళపాలవుతుందని కంపెనీకి బెంగ. ఆ రోజుల్లో గ్రాము రేడియం లక్ష డాలర్ల పైమాటే.

ఇది ఒంటికి మంచిదేనా అని అడిగిన పిల్లలు లేకపోలేదు. ఏమీ కాదని, పైగా బుగ్గలకు రంగొస్తుందని జవాబు వచ్చేది. నమ్మకపోవడానికి వాళ్ళకు కారణం కనబడలేదు. మందుల దుకాణాల్లో రేడియం కలిపిన నీళ్ళు టానిక్‌గా అమ్ముడవుతున్న కాలమది. కానీ ప్రయోగశాలలో రేడియాన్ని ముట్టుకునే శాస్త్రవేత్తలు సీసపు తెరలు, పట్టకార్లు వాడేవాళ్ళు. వాళ్ళకు తెలిసిన ప్రమాదం డయళ్ళు దిద్దే గది దాకా రాలేదు. రసాయన స్వభావంలో రేడియం కాల్షియంకు దగ్గరి చుట్టం. మింగిన దానిలో కొంత భాగాన్ని శరీరం కాల్షియమనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. అక్కడ కూర్చున్న రేడియం తన శక్తిలో సగం కోల్పోవడానికే 1600 ఏళ్ళు పడుతుంది. మనిషి ఆయుష్షు దాని ముందు ఎంత?

మొదటి మరణం, అబద్ధపు పత్రం

మోలీ మ్యాగియా అనే కార్మికురాలికి ముందు ఒక పన్ను నొప్పి చేసింది. పీకితే పుండు మానలేదు. పక్క పన్ను, ఆ పక్క పన్ను, చివరికి దవడ ఎముకే ముక్కలై వైద్యుడి వేళ్ళకు ఊడి వచ్చింది. 1922 సెప్టెంబర్ 12న, 24 ఏళ్ళ వయసులో, గొంతు పక్క రక్తనాళం తెగి ఆమె చనిపోయింది. మరణ ధ్రువపత్రంలో కారణం సిఫిలిస్ అని రాశారు. చనిపోయిన పిల్ల మీద, కడుపుకోతలో ఉన్న కుటుంబం మీద ఆ ఒక్క మాట వేసిన మచ్చ ఐదేళ్ళు అలాగే ఉండిపోయింది. అసలు కారణం మాత్రం కార్ఖానాలో పని చేస్తూనే ఉంది.

ఆ తర్వాత మరికొందరికి దవడలు వాచాయి. పళ్ళ డాక్టర్లకు అగ్గిపుల్లల భాస్వరం గుర్తొచ్చింది. న్యూజెర్సీ కార్మిక శాఖకు కబురు వెళ్ళింది. ఆ శాఖ తరఫున రంగును పరీక్షించిన రసాయన శాస్త్రజ్ఞుడు మార్టిన్ సమటోల్స్కీ అందులో భాస్వరం లేదని తేల్చాడు. అంతటితో ఊరుకోలేదు. దవడలకు పట్టిన చేటు రేడియం వల్లేనని తన అనుమానమని 1923 జనవరిలో శాఖ డిప్యూటీ కమిషనర్ జాన్ రోచ్‌కు రాశాడు. ఈ పదార్థం చర్మానికి అంటినా లోపలికి పోయినా ప్రమాదమని కరపత్రం అచ్చేసి పనివాళ్ళందరికీ పంచాలని సూచించాడు.

సరైన రోగ నిర్ధారణ 1923లోనే జరిగింది. సరైన మందూ అప్పుడే చెప్పారు. ఒక్క కరపత్రం పంచి ఉంటే కుంచెను నోట్లో పెట్టడం ఆ వారమే ఆగేది. ఆ కరపత్రం అచ్చు కాలేదు. చట్టంలో రాసిన విషాల జాబితాలో రేడియం లేదు. జాబితాలో లేనిదాన్ని ఆపే అధికారం తమకు లేదని శాఖ భావించింది. ఉత్తరం ఫైల్లోకి వెళ్ళింది.

దాన్ని కదిలించిన వాళ్ళు ఇద్దరు మహిళలు. ఆరెంజ్ పట్టణ ఆరోగ్య అధికారి లెనోర్ యంగ్ రోగుల గురించి వాకబు చేసి, కార్మిక శాఖ కదలడం లేదని గ్రహించి, న్యూజెర్సీ కన్స్యూమర్స్ లీగ్ కార్యదర్శి కేథరిన్ వైలీకి చెప్పింది. వైలీ బాధితుల ఇళ్ళకు వెళ్ళి మాట్లాడింది. అమెరికాలో పారిశ్రామిక వైద్యానికి పునాది వేసిన హార్వర్డ్ వైద్యురాలు ఆలిస్ హామిల్టన్‌ను సలహా అడిగింది. ప్రుడెన్షియల్ బీమా కంపెనీ గణాంక నిపుణుడు ఫ్రెడరిక్ హాఫ్‌మన్‌ను కదిపింది. ప్రభుత్వం చేయాల్సిన ఆరోగ్య తనిఖీని బయటివాళ్ళు గడపగడపకూ తిరిగి కూడగట్టుకోవాల్సి వచ్చింది.

చీకటి గదిలో

ఇంతలో కంపెనీకి తన ఇబ్బంది తనకు మొదలైంది. పుకార్లకు భయపడి పనిలోకి వచ్చే పిల్లలు తగ్గిపోయారు. 1924 మార్చిలో కంపెనీ అధ్యక్షుడు ఆర్థర్ రోడర్ హార్వర్డ్ ప్రజారోగ్య కళాశాల ఆచార్యుడు సెసిల్ డ్రింకర్‌ను తనిఖీకి పిలిచాడు. ఆ వసంతంలో డ్రింకర్, ఆయన భార్య డాక్టర్ కేథరిన్ డ్రింకర్, యువ వైద్యుడు విలియం కాజిల్ ఆరెంజ్ వచ్చారు.

వాళ్ళ పద్ధతి నేటి తనిఖీ అధికారులకూ పాఠమే. పని జరిగే గదుల్లో గాలిలోంచి, బల్లల మీంచి దుమ్ము పోగు చేశారు. కార్మికుల రక్తం తీసి పరీక్షించారు. ఆ తర్వాత వాళ్ళను చీకటి గదిలోకి తీసుకెళ్ళారు. జుట్టు, ముఖం, చేతులు, మెడ వెలుగుతున్నాయి. గౌన్లు వెలుగుతున్నాయి. లోదుస్తులూ వెలుగుతున్నాయి. ఒక పిల్ల వీపు ఇంచుమించు నడుము దాకా మెరిసింది. కుంచె నోట్లో పెట్టని మనిషి కూడా ఆ గాలి పీలుస్తూ రేడియం మింగుతున్నట్టే. పరీక్షించిన వాళ్ళలో పూర్తిగా సవ్యమైన రక్తం దాదాపు ఎవరికీ లేదు. కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు ఎడ్విన్ లీమన్ చేతుల మీద పుండ్లు చూసి హెచ్చరిస్తే అతను కొట్టిపారేశాడు. ఏడాదికే, 1925లో, అతను చనిపోయాడు.

1924 జూన్ 3న డ్రింకర్ నివేదిక రోడర్‌కు అందింది. రోగానికి కారణం రేడియమేనని, రక్షణ చర్యలు వెంటనే మొదలుపెట్టాలని అందులో ఉంది. అలాంటి నివేదిక చేతిలో పెట్టుకుని కంపెనీ చేసిన పనిని పారిశ్రామిక చరిత్రలో మరిచిపోకూడదు. రక్త పరీక్షల పట్టికలోంచి కొంత భాగాన్ని మాత్రం తనకు అనుకూలంగా అన్వయించి కార్మిక శాఖకు పంపింది. దాని ప్రకారం ప్రతి అమ్మాయి ఆరోగ్యమూ భేషుగ్గా ఉంది. హార్వర్డ్ పేరు చూసి శాఖ తృప్తి పడింది. కార్మికులకు కూడా అదే కబురు చేరింది.

డ్రింకర్ అసలు నివేదికను అచ్చు వేయలేదు. తనిఖీ చేయించింది కంపెనీ, నివేదిక కంపెనీ సొత్తు, దాని అనుమతి లేకుండా బయటపెట్టడం మర్యాద కాదన్నది ఆయన లెక్క. మంచి శాస్త్రవేత్త, నిజాయతీపరుడు. అయినా ఆ మర్యాద ఖరీదు ఇంచుమించు ఒక సంవత్సరం. ఆ సంవత్సరమంతా కార్మికులు ఆ గదుల్లోనే కూర్చున్నారు. శాఖ దగ్గరున్న కాగితం సంగతి 1925 వసంతంలో వైలీ ద్వారా ఆలిస్ హామిల్టన్‌కు తెలిసింది. మీ పేరు మీద మీరు రాయని మాట చలామణి అవుతోందని ఆమె కేథరిన్ డ్రింకర్‌ను అప్రమత్తం చేసింది. డ్రింకర్ దంపతులు నిర్ఘాంతపోయారు. కంపెనీ లాయరు దావా వేస్తామని బెదిరించినా లెక్కచేయక 1925 ఆగస్టులో నివేదికను పారిశ్రామిక ఆరోగ్య పత్రికలో ప్రచురించారు.

ఎముకలు చెప్పిన సాక్ష్యం

అదే ఏడాది ఎసెక్స్ కౌంటీ వైద్యాధికారి హారిసన్ మార్ట్‌లాండ్ రంగంలోకి దిగాడు. బతికున్న మనిషి ఊపిరిలోనే రేడియోధార్మికతను కొలిచే పద్ధతి రూపొందించాడు. మరో డయల్ కార్మికురాలు సారా మైల్‌ఫర్ 1925 జూన్‌లో చనిపోయినప్పుడు శవపరీక్ష చేసి, ఆమె ఎముకలు కిరణాలు వెదజల్లుతున్నాయని నిరూపించాడు. ఆయన మాటను కొట్టేయడానికి కంపెనీ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రెడరిక్ ఫ్లిన్‌ను తెచ్చుకుంది. బాధితుల్ని పరీక్షించి ఆరోగ్యం బాగుందని చెప్పిన ఫ్లిన్‌కు వైద్యం చేసే లైసెన్సే లేదని తర్వాత బయటపడింది.

1927 అక్టోబర్‌లో మోలీ సమాధిని తవ్వారు. ఐదేళ్ళు మట్టిలో ఉన్న ఎముకల్ని ఫోటో ఫిల్మ్ పక్కన ఉంచితే వెలుతురు తగలకుండానే ఫిల్మ్ మీద మరకలు పడ్డాయి. సిఫిలిస్ ఆనవాలు లేదు. ఆ కుటుంబం మీద పడిన మచ్చ అప్పటికి తొలగింది.

గ్రేస్ ఫ్రయర్ అనే కార్మికురాలు కేసు తీసుకునే వకీలు కోసం రెండేళ్ళు తిరిగింది. 1927లో రేమండ్ బెర్రీ అనే యువ న్యాయవాది ఒప్పుకున్నాడు. కేథరిన్ షాబ్, ఎడ్నా హస్‌మన్, అదే రోగంతో మంచాన పడుతున్న మోలీ తోబుట్టువులు క్వింటా మెక్‌డొనాల్డ్, అల్బీనా లారిస్ ఆమెతో కలిశారు. చట్టం ప్రకారం హాని జరిగిన రెండేళ్ళలో దావా వేయాలి. ఈ విషం బయటపడటానికే ఐదారేళ్ళు పడుతుంది. కంపెనీ నిజం దాచిపెట్టింది కాబట్టి నిజం తెలిసిన రోజు నుంచి గడువు లెక్కించాలని బెర్రీ వాదించాడు. దాచిన డ్రింకర్ నివేదిక ఆ వాదానికి బలమైంది. 1928 జూన్‌లో కోర్టు బయట రాజీ కుదిరింది. ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏడాదికి 600 డాలర్ల భృతి, వైద్యం ఖర్చు. తప్పు చేశామని కంపెనీ ఒప్పుకోలేదు.

ఇంత జరుగుతున్నప్పుడు ఇలినాయ్ రాష్ట్రం ఒటావా పట్టణంలోని రేడియం డయల్ కంపెనీలో కుంచెలు నోట్లోకి వెళ్తూనే ఉన్నాయి. ఆ కంపెనీ తన పనివాళ్ళకు వైద్య పరీక్షలు చేయించింది. ఫలితాలు మాత్రం చెప్పలేదు. చెబితే కార్ఖానాలో గొడవలవుతాయని సూపరింటెండెంట్ అన్నట్టు కార్మికులే తర్వాత వెల్లడించారు. పైగా 1928 జూన్‌లో, నిపుణులు పరీక్షించారనీ ఎవరిలోనూ ఆ రోగ లక్షణాలు లేవనీ ఊరి పత్రికలో ప్రకటన వేసింది. పదేళ్ళ తర్వాత కేథరిన్ వోల్ఫ్ డోనహ్యూ కేసు విచారణకు వచ్చింది. ఆమె లేవలేని స్థితిలో ఉంటే 1938 ఫిబ్రవరిలో విచారణను ఆమె ఇంటికే తెచ్చారు. పడుకునే సాక్ష్యం చెప్పింది, గెలిచింది. ఆ జూలై 27న కన్నుమూసింది. కంపెనీ అప్పీళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1939లో వీగిపోయాయి.

ఈ కథలో పరీక్షలకు కొరత లేదు. సమటోల్స్కీ పరీక్షించాడు, డ్రింకర్ పరీక్షించాడు, ఫ్లిన్ పరీక్షించాడు, ఒటావాలో కంపెనీ వైద్యులు పరీక్షించారు. నిజం ఏనాడో కాగితం మీదకు ఎక్కింది. ఆ కాగితం కార్మికురాలి చేతికి రాకపోవడమే ఆమెను చంపింది.

చట్టం నేర్చుకున్నది

1941లో అమెరికా ప్రమాణాల సంస్థ మనిషి ఒంట్లో ఉండదగిన రేడియానికి హద్దు నిర్ణయించింది. అది ఒక గ్రాములో కోటో వంతు. ఎంఐటీ శాస్త్రవేత్త రాబ్లీ ఎవాన్స్ ఈ డయల్ కార్మికుల శరీరాల్ని కొలిచి సంపాదించిన జ్ఞానమే దానికి ఆధారం. అణుబాంబు పరిశోధనలో ప్లుటోనియంతో పని చేసిన వేలమందికి రక్షణ నియమాలు వచ్చింది కూడా ఆ అనుభవంతోనే. 1970లో అమెరికాలో పనిచోటి భద్రతకు సమగ్ర చట్టం వచ్చింది. తన వైద్య రికార్డులు, తాను పీల్చిన విషం కొలతలు చూసే హక్కు కార్మికుడికి 1980లో దక్కింది. డ్రింకర్ నివేదికకూ ఆ హక్కుకూ మధ్య 56 ఏళ్ళు.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం రేడియం వంటి పదార్థాల వల్ల వచ్చే రోగాల్ని ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన రోగాల జాబితాలో చేర్చింది. కార్మికుడు తన ఆరోగ్య రికార్డు చూసుకునే వీలు, పనిలో ఉన్న ప్రమాదాల సమాచారం అడిగే హక్కు 1987 సవరణతో వచ్చాయి. అందుకు 1984లో భోపాల్ జరగాల్సి వచ్చింది.

బర్వా అల్ బరాహా నుంచి చూస్తే

దోహా ఇండస్ట్రియల్ ఏరియా దగ్గర యాభై వేల మందికి పైగా ఉండేలా కట్టిన కార్మిక నగరం బర్వా అల్ బరాహా. అలాంటి వసతుల్లో ఉంటూ తెల్లవారుజామునే కంపెనీ బస్సెక్కే జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప అన్నదమ్ములకు ఈ పాత కథతో గట్టి సంబంధముంది.

ఖతార్ వచ్చే మనవాళ్ళ ఆరోగ్య పరీక్ష ఇంటి దగ్గరే మొదలవుతుంది. 2019 నుంచి హైదరాబాద్‌లోని ఖతార్ వీసా కేంద్రంలో వేలిముద్రలు, మెడికల్, ఒప్పందం మీద సంతకం ఒకేచోట పూర్తవుతున్నాయి. 'ఫిట్' అని వస్తే విమానం, 'అన్‌ఫిట్' అని వస్తే అప్పుతో ఇంటిముఖం. పనికి మనిషి సరిపోతాడా అన్నది ఆ పరీక్ష. మనిషికి ఆ పనిచోటు సరిపోతుందా అన్న పరీక్ష వేరు. డ్రింకర్ చేసింది ఆ రెండోది.

ఎండ విషయంలో ఆ రెండో రకం పరీక్ష ఖతార్‌లో జరిగింది, ఫలితమూ ఇచ్చింది. 2007 నుంచి వేసవిలో మధ్యాహ్నం 11.30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట పని నిషేధం ఉండేది. 2018లో అంతర్జాతీయ కార్మిక సంస్థ దోహాలో కార్యాలయం తెరిచింది. మరుసటి ఏడాది గ్రీస్‌లోని థెసలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిర్మాణ స్థలంలో, వ్యవసాయ క్షేత్రంలో పనివాళ్ళ ఒంటి మీద వేడి ప్రభావాన్ని కొలిచారు. ఆ నివేదికను దాచలేదు, అందరూ చదివేలా ప్రచురించారు. దాని వెనకే 2021లో 17వ నంబరు మంత్రిత్వ నిర్ణయం వచ్చింది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి 3.30 వరకు ఆరుబయట పని నిషేధం. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష జరగాలి. వేడి వల్ల ప్రాణానికి ముప్పుందని నమ్మడానికి కారణముంటే పని ఆపి ఫిర్యాదు చేసే హక్కు కార్మికుడిది.

ఇది నిజమైన ముందడుగు. అయినా ఆరెంజ్ పట్టణం నేర్పిన ప్రశ్న ఇక్కడా అడగాలి. ప్రమాదకరమైన పనుల్లో ఉన్నవాళ్ళకు జరిపే పరీక్షల ఫలితాల్ని యజమాని ఫైల్లో ఉంచాలని ఖతార్ 2004 కార్మిక చట్టం చెబుతోంది. ఫైల్లో ఉన్నది మీ చేతిలో కూడా ఉండాలి. మూత్రపిండాల పనితీరు, రక్తపోటు, చక్కెర అంకెలు ఏడాదికేడాది పోల్చి చూసుకోవడానికి, సెలవుకు వెళ్ళినప్పుడు ఊళ్ళో డాక్టరుకు చూపడానికి ఆ కాగితమే ఆధారం. క్యాంప్‌లో ఎవరికి పరీక్ష జరిగినా రిపోర్టు నకలు అడగండి. ఇంగ్లీషో అరబ్బీయో రానివాళ్ళకు చదివి వివరించే బాధ్యత చదువుకున్న పక్క మంచం తమ్ముడు తీసుకోవాలి.

ఇంతకంటే బరువైన కాగితం మరొకటుంది. గల్ఫ్ నుంచి శంషాబాద్ చేరే శవపేటికలతో పాటు వచ్చే పత్రాల్లో 'గుండె ఆగింది', 'సహజ మరణం' అన్న మాటలు ఉత్తర తెలంగాణ ఇళ్ళకు బాగా తెలుసు. ఖతార్ ప్రభుత్వం కోసం డీఎల్ఏ పైపర్ అనే న్యాయ సంస్థ 2014లో తయారు చేసిన నివేదిక, అనుకోని మరణాల్లో శవపరీక్షకు వీలు కల్పించాలని సిఫార్సు చేసింది. 2009 నుంచి 2017 దాకా ఖతార్‌లో చనిపోయిన నేపాలీ కార్మికుల వివరాల్ని పరిశీలించిన హృద్రోగ నిపుణులు, 571 గుండె సంబంధ మరణాల్లో 200 దాకా ఎండ నుంచి సరైన రక్షణ ఉంటే తప్పి ఉండేవని 2019లో రాశారు. మరణ కారణాన్ని సహజమని రాసి వదిలేస్తే బతికున్నవాళ్ళకు హెచ్చరిక అందదు. మోలీ మ్యాగియా పత్రంలో సరైన కారణం 1922లోనే రాసి ఉంటే ఆమె పక్కన కూర్చున్న ఎంతోమంది కుంచె దించేసేవాళ్ళు.

కాబట్టి తెలుగు సంఘాలు, రెండు రాష్ట్రాల ప్రవాస విభాగాలు, మన రాయబార కార్యాలయం గట్టిగా పట్టుకోవాల్సిన కోరికలు రెండు. ఒకటి, ప్రతి కార్మికుడి ఆరోగ్య పరీక్ష ఫలితం అతనికి అర్థమయ్యే భాషలో అతని చేతికే ఇవ్వాలి. రెండు, పడుచు వయసులో హఠాత్తుగా ఆగిన ప్రతి గుండెకూ కారణం వెతకాలి. చనిపోయాక వచ్చే పరిహారం ఇంటికి ఆసరా అవుతుంది. కారణం తెలిస్తే పక్క మంచం మీదున్నవాడు బతుకుతాడు. గ్రేస్ ఫ్రయర్, కేథరిన్ డోనహ్యూ మంచం పట్టి కూడా కొట్లాడింది తమకు కొన్ని డాలర్ల కోసం మాత్రమే అనుకోలేం. వాళ్ళ కేసుల తర్వాత కుంచె నోట్లో పెట్టే పద్ధతి పోయింది, వాళ్ళను ఎన్నడూ చూడని మనుషులు బతికారు.

వచ్చే భాగంలో: 1930లో వెస్ట్ వర్జీనియాలో కొండను తొలిచి సొరంగం వేయడానికి పని వెతుక్కుంటూ వలస వచ్చిన వేలమంది కూలీలు, వాళ్ళ ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిపొడి. హాక్స్ నెస్ట్ సొరంగం కథ.